నవ్వితే ఏం కనిపిస్తుంది

సమర్‌కంద్, 1987 మార్చి 3, మంగళవారం

అక్కా,

పొద్దున్నే నీ పార్సిల్ వచ్చిందని హాస్టల్ ఆయమ్మ కేక వేస్తే చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను. ఎండు ఆప్రికాట్ల మధ్య అగ్గిపెట్టె కనిపించింది. నానమ్మ ఉంగరం ఏదైనా పంపావేమో అనుకున్నాను. తెరిస్తే ఎర్ర మైనం ముద్ద! దానికి చుట్టిన చీటీ మీద నీ రాత: "దీన్ని గట్టిగా కొరికి అలాగే వెనక్కి పంపు. పళ్ళు కట్టే ఉస్తా నోర్బోయ్ కొలత తీసుకోవాలట."

గదిలో అందరూ చూశారు. మా లోల దాన్ని వాసన చూసి, మీ ఊళ్ళో టీలోకి దీన్నే నంజుకుంటారా అని అడిగింది. నాకు దాచే అలవాటు లేదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ నెల ఇరవై ఎనిమిదిన తోష్‌తెమిర్ వాళ్ళమ్మ మస్తూర నన్ను చూడ్డానికి మా ఇంటికి వస్తుందని, ఆలోగా మా అక్క నా ముందు పళ్ళు నాలుగూ అరగదీయించి బంగారు తొడుగులు వేయించాలనుకుంటోందని. లోల పక్క మీద పడి నవ్వింది. ఇక్కడ బంగారు పళ్ళ వాళ్ళని టీ కాచే ఇత్తడి సమోవర్ అంటారు. ఎండలో నిలబడితే మెరుస్తారని, నోరు తెరిస్తే ఆవిరి వస్తుందని.

నా పళ్ళు గట్టివి, అక్కా. ఒక్కటి కూడా పుచ్చలేదు. వాల్‌నట్‌లు కొరికి పగలగొట్టింది వీటితోనే, నువ్వు తిట్టేదానివి కూడా. బాగున్న పన్నుని ఆకురాయితో అరగదీయడం ఎందుకు? మధ్యాహ్నం మా గ్రంథాలయంలో పెద్ద నిఘంటువు తీసి "పన్ను" దగ్గర గంటసేపు కూర్చున్నాను. పళ్ళు నూరడం ఉంది, పళ్ళు ఇకిలించడం ఉంది, పంటి బిగువున ఓర్చుకోవడం ఉంది. పెళ్ళి కోసం పళ్ళు అరగదీయించుకోవడం లేదు. అంత పెద్ద పుస్తకంలో లేని పని నాతో ఎందుకు చేయిస్తావు?

తోష్‌తెమిర్ అంటే నాకు ఇష్టం లేదని అనుకోకు. అతన్ని బస్టాండులో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ ఏదో జోకు వేశాడు, రెండుసార్లూ పళ్ళన్నీ కనిపించేలా నవ్వాను. పారిపోలేదు. సమోవర్ కాని పిల్ల అతనికి సరిపోయినట్టే ఉంది.

ఆప్రికాట్లు మాత్రం చాలా బాగున్నాయి.

నీ చెల్లెలు, తన పళ్ళతోనే
సలోమత్


బోయ్‌సున్, మార్చి 8

సలోమత్,

ఇవాళ మహిళా దినం. నిన్న కుట్టు కేంద్రంలో ఒంటిపూట పని. మా డైరెక్టరు ఒక్కొక్కరి చేతిలో పౌడరు డబ్బా పెట్టి, ఇంటికి వెలుగు ఆడది అని ఉపన్యాసం ఇచ్చాడు. పదిహేడు మందిమి, పదిహేడు చాయలు, డబ్బాలన్నీ ఒకే రంగు. నేను పూసుకుని అద్దంలో చూసుకుంటే గోడ మీద పావురం రెట్ట వేసినట్టుంది. మీ బావ చూసి, పిండి జల్లించావా అన్నాడు. నేను మొహం కడిగేసుకున్నాను. ఈ మధ్య నోరు తెరవాలంటే కాస్త నొప్పిగా కూడా ఉంది, చలిగాలికి కాబోలు.

ఇక నీ సమోవర్ సంగతి. ఒకసారి రాస్తే నాకు అర్థం కాదని రెండోసారి కూడా రాశావు. నా నోట్లో ఆరు ఉన్నాయి. అంటే నేను ఆరు సమోవర్లా, లేక అంతా కలిపి ఒకటేనా? మాటలు చదువుకునే దానివి కదా, చెప్పు.

నీ నిఘంటువు రాసినవాడికి ఆడపిల్లలు ఉండి ఉండరు. ఉంటే ఈ ఊళ్ళో ఏం మాట్లాడుకుంటారో తెలిసేది. పోయిన వారం మస్తూర మా కేంద్రానికి దుప్పటి చూసే వంకతో వచ్చింది. నీ చదువు గురించి అడగలేదు. వంట గురించీ అడగలేదు. దుప్పటి అంచు వేళ్ళతో నలుపుతూ ఒకే ఒక్క మాట అడిగింది. "అంతా బాగానే ఉంది గానీ జుల్హుమోర్, మీ పిల్ల నవ్వితే ఏం కనిపిస్తుంది?"

నాకు అర్థమైంది. నీకూ అర్థం కావాలి. ఇక్కడ తెల్ల పళ్ళతో అత్తింటికి వెళ్ళే పిల్లంటే పుట్టింట్లో పట్టించుకునే దిక్కు లేని పిల్లని అర్థం. అమ్మ పోయింది. నాన్న ఇంకో పెళ్ళి చేసుకుని తెర్మెజ్‌లో ఉన్నాడు. నీకు దిక్కు ఎవరు? నేను. నీ నోరు బోసిగా ఉందని ఎవరైనా అంటే ఆ మాట నీకు తగలదు, నాకు తగులుతుంది. నానమ్మ చెవిపోగులు నీ వాటాకి వచ్చినవి ఉన్నాయి. ఆ బంగారం చాలునని ఉస్తా అన్నాడు.

ఉస్తా పదమూడున దెనోవ్ వెళ్తున్నాడు. ఆలోగా అవునో కాదో చెప్పాలి. నీ ఉత్తరాలు ఎక్కడ మొదలై ఎక్కడికి పోతాయో నాకు తెలుసు కాబట్టి ఉత్తరం వద్దు. టెలిగ్రాం కొట్టు. రెండు ముక్కల్లో చెప్పు.

పౌడరు డబ్బా నీకే పంపిస్తాను. మీ హాస్టల్లో పనికొస్తుంది.

జుల్హుమోర్


టెలిగ్రాం. సమర్‌కంద్ నుంచి బోయ్‌సున్‌కి, మార్చి 11

పళ్ళు కట్టించుకుంటాను మైనం వెనక్కి పంపుతున్నాను సలోమత్


బోయ్‌సున్, మార్చి 16

నా బంగారు సలోమత్,

బంగారు అని ఊరికే రాయలేదు, అర్థమయ్యే ఉంటుంది.

టెలిగ్రాం పన్నెండున వచ్చింది. పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి నాకంటే ముందే చదివేశాడు, సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. మైనం మర్నాడే వచ్చింది, ఉస్తా బస్సెక్కే ముందు. పరిగెత్తుకెళ్ళి ఇచ్చాను. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూసి, ఇంత లోతుగా, ఇంత వరసగా కొరికినవాళ్ళని నేను చూడలేదు, దానిమ్మ గింజలు పేర్చినట్టున్నాయి అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నువ్వు పుట్టినప్పుడు నీ నోట్లో వేలు పెట్టి చూసింది నేనే. అప్పుడు ఒక్కటి కూడా లేదు.

టెలిగ్రాం వచ్చిన రాత్రే చెవిపోగులు కరిగించాడు. దెనోవ్‌లో ఒక స్నేహితుడి పొయ్యి వాడుకుని నాలుగు తొడుగులూ చేసుకుని వస్తాడు. ఇరవై ఏడు మధ్యాహ్నం మన ఇంటికొచ్చి నీ పళ్ళు సరిచేసి తొడుగుతాడు. నువ్వు ఇరవై ఆరుకల్లా ఇక్కడుండాలి. మర్నాడు వాళ్ళొచ్చేసరికి వాపు తగ్గిపోతుందట. మస్తూరకి కబురు చేశాను. ఆవిడ మొహం చూడాల్సింది. అప్పుడే నిన్ను "మా కోడలు" అంటోంది.

చూశావా, మొండిదానివి గానీ చెడ్డదానివి కాదు. నీ సమోవర్ మాటలు కూడా మర్చిపోయాను. నవంబరులో మీ హాస్టల్‌కి నేనొచ్చినప్పుడు జరిగింది కూడా మర్చిపోదామనే అనుకుంటున్నాను.

ఇరవై ఆరున పాటీర్ రొట్టెలు కాలుస్తాను. అప్పుడే తినెయ్, మర్నాటి నుంచి వారం దాకా గట్టివి నమలకూడదట.

మీ ఇంటి దిక్కు
జుల్హుమోర్ అక్క


సమర్‌కంద్, మార్చి 19

అక్కా,

నేను కట్టించుకోను అని పంపాను. కట్టించుకోను!

టెలిగ్రాఫ్ ఆఫీసులో నా చేత్తో రాసిన కాగితం ఇంకా వాళ్ళ దగ్గర ఉంది, ఇవాళ వెళ్ళి చూసి వచ్చాను. మన ఉజ్బెక్ భాషలో కాదనడానికి వేరే మాట అక్కర్లేదు, క్రియ కడుపులో ఒక "మ" పెడితే చాలు. నేను పెట్టాను. ఆ కిటికీలో కూర్చున్న ఆవిడకి మన భాష రాదు, ఒక్కో అక్షరం చూసి కొడుతుంది. ఆ "మ" ఆవిడ వేలికి తగల్లేదు. ఇలా అయిందని చెప్తే, ఒక్క అక్షరమే కదా అమ్మాయీ, అర్థం అయ్యే ఉంటుందిలే అంది. ఒక్క అక్షరానికి నాలుగు పళ్ళు! అందుకే ఇంకో టెలిగ్రాం కొట్టలేదు, ఇది ఎక్స్‌ప్రెస్ పోస్టులో పంపుతున్నాను.

మైనం మీద గుర్తులంటావా, పార్సిల్ వచ్చిన రోజు ఒళ్ళు మండి కొరికాను. నువ్వు ఎదురుగా ఉంటే నిన్నే కొరికేదాన్ని. తర్వాత దాని మొహం చూడబుద్ధి కాక అలాగే వెనక్కి పంపాను. ఆ కోపాన్ని చూసి మీ ఉస్తా దానిమ్మ గింజలన్నాడా?

కానీ నాకో అనుమానం ఉంది, అడుగుతాను. నీకు నిజంగా తెలియదా? మార్చి మూడున నాలుగు పేజీలు వద్దని రాసిన పిల్ల పదకొండున రెండు ముక్కల్లో సరేనంటే, ఏమైందే అని ఒక్కసారి అడగాలనిపించలేదా? నీకు కావలసిన మాట వచ్చింది, గబుక్కున పట్టుకున్నావు. నానమ్మ చెవిపోగులు నన్నడక్కుండా కరిగించావు. రేపు నన్నూ అంతే.

నీ నోరు చూసి నేర్చుకోమంటావు. చూశాను. చల్లనీళ్ళు తాగలేవు. యాపిల్ కొరకలేవు, కత్తితో ముక్కలు చేసుకుంటావు. ఫోటో తీసేటప్పుడు మాత్రం ఆరూ కనిపించేలా నవ్వుతావు. అది అందమైతే నాకు ఆ అందం వద్దు.

నవంబరులో ఏం జరిగింది? నేనేం చేశాను? అనేదేదో తిన్నగా అను.

సలోమత్


బోయ్‌సున్, మార్చి 22

సలోమత్,

తిన్నగానే అంటాను.

నవంబరు ఇరవై ఒకటి. ఎనిమిది గంటలు బస్సులో వచ్చాను. మోకాళ్ళ మీద పాటీర్ల మూట, చేతిలో ఖర్బూజా. అట్లస్ పట్టు గౌను వేసుకున్నాను, నీ స్నేహితురాళ్ళ ముందు నువ్వు చిన్నబోకూడదని. మీ మూడో అంతస్తు వసారాలో నువ్వు, ఆ లోల, ఇంకో పిల్ల నిలబడి ఉన్నారు. నిన్ను చూసి నవ్వాను. గట్టిగానే నవ్వి ఉంటాను. ఆవిడెవరని ఆ పిల్ల నిన్నడిగింది. నువ్వన్నావు: "మా వీధి ఆవిడ. ఊరి నుంచి మూట తెచ్చింది."

నేను మూట ఇచ్చాను. మీ వీధి ఆవిడలాగే టీ తాగాను. గ్లాసు పెట్టేసి అదే రోజు బస్సు పట్టుకుని వెనక్కి వచ్చాను. నాకు వినిపించలేదని నువ్వనుకున్నావు. ఈ నాలుగు నెలలూ అలాగే అనుకోనిచ్చాను.

కాబట్టి నా దగ్గర గట్టి పళ్ళ కబుర్లు చెప్పకు. నీకు నొప్పంటే భయం కాదు. నీకు సిగ్గు. ఈ ఊళ్ళో తెలుపంటే సిగ్గు, ఆ ఊళ్ళో బంగారం అంటే సిగ్గు. నేను మస్తూర మాటకి పళ్ళిస్తున్నాను, నువ్వు లోల మాటకి అక్కనిచ్చేశావు. చదువుకుని నువ్వు మార్చుకున్నది అత్తని, అంతే.

టెలిగ్రాం చూసి నాకు అనుమానం రాలేదా అని అడిగావు. వచ్చింది. మంచం మీద కూర్చుని చాలాసేపు దాన్ని చూశాను. తర్వాత, ఒక్కసారైనా ఈ పిల్ల నేను చెప్పిన మాట వినకూడదా అనుకున్నాను. దాన్ని మడిచి దాచుకున్నాను. ఇది నా తప్పే, రాసుకో మాటలు పోగేసే నీ నోటుబుక్కులో.

నా పళ్ళ గురించి కూడా రాసుకో. పెళ్ళయిన మూడో రోజు మా అత్త పదిమంది ఆడవాళ్ళ ముందు నా మొహం మీద ముసుగు తీసి, నవ్వమ్మా అంది. నవ్వాను. అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు, నా పళ్ళూ నీ పళ్ళలాగే ఉండేవి. "మా ఇంట్లో గోడ సున్నం కూడా తెల్లగానే ఉంటుంది" అంది. అందరూ నవ్వారు. వారం తిరక్కుండా ఆరూ అరగదీయించుకున్నాను. మత్తు సూది లేదు. ఉస్తా తండ్రి అరగదీశాడు, మా అత్త తల పట్టుకుంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అది తక్కువా? నువ్వు చెప్పు. నాకు అప్పుడు తక్కువనిపించలేదు.

ఈ నెలంతా ఉన్న నొప్పి చలిగాలికి కాదు. పద్దెనిమిదిన బుగ్గ వాచి కన్ను మూసుకుపోయింది. ఆసుపత్రిలో ఎడమ పక్క తొడుగులు రెండూ ఊడదీశారు. లోపల పన్ను లేదు, నల్లటి మొదలు ఉంది. అది కూడా పీకేశారు. ఇప్పుడు నవ్వితే నాకు ఏం కనిపిస్తుందో నువ్వే ఊహించుకో. మీ బావ పక్కన కూడా రుమాలు అడ్డం పెట్టుకుని తింటున్నాను. ఇరవై ఎనిమిదిన వాళ్ళొస్తే నేను వంటింట్లోంచి బయటికి రాను. టీ మా ఆడపడుచు పోస్తుంది.

తొడుగులు నాలుగూ చేసుకుని ఉస్తా రాత్రే దెనోవ్ నుంచి వచ్చాడు. నీ కాటుకి చేసినవి, ఇంకెవరికీ పట్టవు. ఇరవై ఏడున ఆయన వస్తాడు. నువ్వు వస్తావో రావో నీ ఇష్టం. రాకపోతే నీకు దిక్కు లేదని ఊరంతా అంటుంది, ఈసారి నిజమే అంటుంది.

జుల్హుమోర్


సమర్‌కంద్, మార్చి 27, శుక్రవారం

అక్కా,

ఇది పోస్టులో వేయడం లేదు. పొద్దున ఆరింటి బోయ్‌సున్ బస్సు డ్రైవరుకి ఇస్తున్నాను, చీకటి పడేలోగా నీ చేతిలో పెడతానన్నాడు. నువ్వు ఇది చదివేసరికి ఉస్తా మన ఇంటికి వచ్చి కూర్చుని ఉంటాడు. నేను కావాలనే నిన్న రాలేదు. టీ ఇచ్చి, రొట్టె కట్టి, ఆయన్ని పంపించెయ్. ఆ తొడుగులు కరిగించి పారేసినా, దాచుకున్నా నీ ఇష్టం. నేను కట్టించుకోను.

"మా వీధి ఆవిడ" అన్నాను. అన్నానక్కా. దానికి నా దగ్గర మంచి మాట ఏదీ లేదు. నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు మాటలు వెతికాను. నీకు సర్ది చెప్పే మాటలు పదహారు దొరికాయి, ఒక్కటి కూడా నిజం కాదు. నిజం ఏమిటంటే, నువ్వు మెట్లెక్కి వస్తుంటే నాకు నువ్వు కనిపించలేదు. లోల కళ్ళకి నువ్వెలా కనిపిస్తావో అదే కనిపించింది. నిన్న లోలకి చెప్పాను, ఆ వచ్చింది మా అక్క, నన్ను పెంచింది ఆవిడేనని. తను ఏమీ అనలేదు. అంటే బాగుండేది, తిట్టడానికి ఎవరో ఒకరు ఉండేవాళ్ళు.

నా గట్టి పళ్ళ సంగతి కూడా నిజం చెప్పాలి. శీతాకాలం నుంచి నిమ్మరసం, వంట సోడా కలిపి రోజూ తోముతున్నాను, ఇంకా తెల్లబడాలని. ఇక్కడ అందరూ అలాగే చేస్తారు. ఫిబ్రవరిలో చిగుళ్ళ నుంచి రక్తం కారింది. అద్దంలో చూసుకుని ఇంకొంచెం గట్టిగా తోమాను. అక్కడ ఉస్తా ఆకురాయి పట్టుకుని కూర్చున్నాడు, ఇక్కడ నేనే పట్టుకున్నాను. నువ్వు అన్నావు కదా, అత్తని మార్చుకున్నావని. ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. ఈ ఏడాది నాకు దొరికిన మాటల్లో అంత కోసిన మాట ఇంకోటి లేదు, అది నీ నోటి నుంచే వచ్చింది. సోడా పారబోశాను.

ఇదంతా చదివి నిన్ను క్షమించాననుకోకు. తెలిసి తెలిసి ఆ టెలిగ్రాం మడిచి దాచుకున్నావు. మస్తూరకి నా పళ్ళు మాటిచ్చావు. చెవిపోగులు నావి. ఇవి నేను మర్చిపోను, నువ్వు నవంబరు మర్చిపోవద్దు. ఇద్దరం సమానంగా కోపంగా ఉందాం.

కానీ వంటింట్లో దాక్కోవడం మాత్రం కుదరదు. తోష్‌తెమిర్‌కి నిన్న ఉత్తరం రాశాను, మీ అమ్మగారు వచ్చేది నా పళ్ళు చూడ్డానికే అయితే ఉన్నవి ఉన్నట్టుగానే చూడాలని. అతనేమంటాడో తెలియదు. సంబంధం పోతే పోనీ. కాదు, పోతే నాకు బాధగానే ఉంటుంది, గొప్పలు చెప్పను. అయినా ఆవిడ ముందు కూర్చునేటప్పుడు నా పక్కన నువ్వు ఉండాలి. టీ నువ్వే పొయ్యాలి, మీ ఆడపడుచు కాదు. ఆవిడ నవ్వమంటే నేను నవ్వుతాను. ఆవిడ నీ వైపు చూస్తే నువ్వు చూపు తిప్పుకోకు. మన ఇంట్లో ఆడవాళ్ళు నవ్వితే ఏం కనిపిస్తుందో ఇద్దరినీ చూసి తేల్చుకోమను. నువ్వు రాకపోతే వంటింటి గుమ్మంలో నిలబడి, అక్కా అని వీధంతా వినపడేలా పిలుస్తాను. నా గొంతు నీకు తెలుసు.

పాటీర్లు మళ్ళీ కాలిస్తే గట్టిగా కాల్చు. నీకు పాలల్లో నానబెట్టి ఇస్తాను.

రేపు పొద్దున ఆరింటి బస్సుకి టిక్కెట్టు కొన్నాను. రెండింటికల్లా దిగుతాను, వాళ్ళు వచ్చేది నాలుగింటికి. బస్టాండుకి నువ్వే రా, బావని పంపకు. నోటికి రుమాలు లేకుండా రా. నన్ను తిట్టాల్సినవి ఏమైనా మిగిలి ఉంటే దారిలో తిట్టెయ్, నేనూ తిడతాను. ఇల్లు చేరేసరికి అవన్నీ అయిపోవాలి.

సలోమత్